కాపీనా, మూవా?

ఆళ్లగడ్డ బెన్నీ మౌస్ ముట్టడు. తేలు కనబడితే చీపురుపుల్లతో పక్కకు నెట్టి దాని దారిన దాన్ని పోనిస్తాడు గానీ, కంప్యూటర్ మౌస్ జోలికి మాత్రం పోడు. నాలుగు రోడ్ల దగ్గర అతనికో జిరాక్స్, స్కానింగ్ షాపు ఉంది. అందులోని కంప్యూటర్‌లో బొమ్మల్లేవు. ఒక నీలం తెర, దాంట్లో రెండు గడులు, గడుల నిండా తెల్లటి పేర్లు. ఎడమ గడిలోది కుడి గడిలోకి పోవాలి. F5 నొక్కితే కాపీ, F6 నొక్కితే మూవ్. లోకంలో మనిషి చేయదగ్గ పని ఇంతకు మించి లేదని బెన్నీ నమ్మకం.

ఎవరో పుణ్యాత్ములు రాసి ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ అది. ఊరికే ఇచ్చినవాళ్లకు ఎవరూ దండ వేయరు. బెన్నీ మాత్రం వాళ్ల పేర్లు తెలియక, ఆదివారం ప్రార్థనలో "నీలం తెర వాళ్లను దీవించు ప్రభువా" అనేవాడు. అదేదో కొత్త సంఘమనుకుని పాస్టరుగారు రెండు వారాలు కలవరపడ్డారు.

అతని భార్య ఏంజెల్ బళ్లో టీచరు. పదహారేళ్లుగా పిల్లలను భరించగలిగిన ఆమె, మొగుణ్ని భరించడానికి మాత్రం రోజూ కొత్తగా ఓపిక తెచ్చుకోవాల్సి వచ్చేది. ఇంట్లోనూ రెండు గడులే.

"ఏమయ్యా, ఆ ఉప్పు డబ్బా కుడి పక్క అల్మరాలో పెట్టు."

"కాపీనా, మూవా?"

"ఉప్పు డబ్బాను కాపీ యాడ చేస్తావప్పా?"

"అయితే మూవ్ అను. చెప్పకుంటే నాకెట్ల తెలుస్తాది?"

ఏంజెల్ తమ్ముడు శ్యాంసుందర్ ఒకసారి స్కూటర్ అడిగాడు. "కాపీ అయితే తీస్కపో. మూవ్ అయితే నేను నడ్చుకుంటా పోవల్ల" అన్నాడు బెన్నీ, ఏమాత్రం నవ్వకుండా. శ్యాంసుందర్ ఆ వారమే సొంత స్కూటర్ కొనుక్కున్నాడు.

షాపుకు వచ్చినవాళ్లకూ అదే ప్రశ్న. రేషన్ కార్డు జిరాక్సుకొచ్చిన ముసలామెనైనా వదలడు. "కాపీనా, మూవా? అంటే, నీ కాగితం కాపీ ఒకటి నా దగ్గర దాయమంటావా, మొత్తం నీతోనే పోతాదా?"

"దాయి నాయనా, దాయి. బస్సు పోతాంది!"

పెళ్లిరోజుకు ఏంజెల్ వైర్‌లెస్ మౌస్ కొనిచ్చింది. బెన్నీ కళ్లకద్దుకుని తీసుకున్నాడు. మర్నాటి నుంచి అది బస్ పాస్ ఫారాలు ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద కూర్చుంది.

"వాడుతాండావా?"

"రోజూ."

మౌస్‌కన్నా ఆమెను బాధపెట్టేది కీబోర్డు. దాంట్లో F8 ఉండాల్సిన చోట పన్నూడిన సందు. F8 అంటే డిలీట్. బెన్నీయే స్క్రూడ్రైవర్‌తో పీకేశాడు. ఎందుకని అడిగితే "పని లేదు" అనేవాడు. పనిలేనివన్నీ పీకేసే లెక్కయితే ఇంట్లో మొదట ఎవరిని పీకాలో ఏంజెల్‌కు తెలుసు. సభ్యత కొద్దీ అనలేదు.

అలా సాగుతుండగా ఒక మంగళవారం కొండమ్మ షాపు మెట్ల మీద వచ్చి కూలబడింది. అహోబిలం దారిలోని పల్లె ఆమెది. ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన రెండెకరాల్లో కందులు వేసుకుని బతుకుతోంది. ఆ భూమి పట్టాను చెదలు తినేశాయి. నంద్యాలలో ఒక ఆఫీసు ఉంది, పేరు ఎందుకులెండి, ఆమె ఫైలు అక్కడా లేదట. బేస్తవారం పదకొండు గంటల్లోగా రుజువు చూపకపోతే పేరు కొట్టేస్తామన్నారు. పక్క పొలం పెద్దమనిషి అప్పుడే గట్టు మీద రాళ్లు దింపించాడు. మన దగ్గర పద్ధతి ఇది: ఆఫీసు కాగితం పోతే "పోయింది" అంటారు, పేదవాళ్ల కాగితం పోతే "నిరూపించుకో" అంటారు.

"ఎప్పుడో నీ దగ్గరే జిరాక్స్ తీయిస్తి. నువ్వేమన్నా దాసినావా సార్, నా కాగితం?" అంది కొండమ్మ.

"ఆ పొద్దు నువ్వేం చెప్పినావు? కాపీనా, మూవా?"

"ఏమో నాయనా. బస్సు పోతాందని ఏదో అంటి."

"బస్సు పోతాంది అన్నోళ్లంతా కాపీనే" అని బెన్నీ నీలం తెర వైపు తిరిగాడు.

బేస్తవారం ఏంజెల్ సెలవు పెట్టి వాళ్ల వెంట నంద్యాల బస్సెక్కింది. అభిమానంతో కాదు. మొగుడు ఏ అధికారినైనా కాపీనా మూవా అని అడిగి లోపలికి పోతాడేమోనని.

భయపడినంతా జరిగింది. శ్రీకాంత్ అనే గుమాస్తా తల ఎత్తకుండానే "ఫైల్ లేదు. పొండి" అన్నాడు. బెన్నీ వంగి నిదానంగా అడిగాడు.

"కొత్త జిల్లా అయినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్లు తెచ్చిరి గదా సార్. కాపీనా, మూవా?"

ఏంజెల్ కళ్లు మూసుకుంది.

"ఏందీ?" అన్నాడు శ్రీకాంత్.

"ఆడ ఒకటి ఉంచి ఈడికి ఒకటి తెచ్చిరా, ఉన్నదే తెచ్చిరా?"

"ఉన్నదే. లారీలో."

"అంటే మూవ్. మూవ్ అయిన సరుకు పోదు సార్. పక్క గడిలో పడింటాది. నంబరు చెప్తా, ఎతుకుతారా?"

అతను సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీశాడు. నీలం తెర వెలిగింది. కుడి గడి నిండా ఊళ్ల పేర్లు. ఒక ఊళ్లోకి దిగితే మనుషుల పేర్లు, ఒక్కొక్కరి కింద పట్టా, కుల ధ్రువపత్రం, పింఛను కాగితం. పదకొండేళ్లుగా దాచినవి. ఏంజెల్ కళ్లు తెరిచి చూసింది, మళ్లీ మూయలేదు. కొండమ్మ పట్టా ముద్రతో, ఫైలు నంబరుతో తెర మీద నిలబడింది.

శ్రీకాంత్ ఆ నంబరు చీటీ మీద రాసుకుని వెనక గదిలోకి పోయాడు. అరగంటకు మీసాలకు బూజు అంటించుకుని వచ్చాడు.

"సంజామల మండలం కట్టలో కట్టిపెట్టినారు" అన్నాడు, ఎవరో పరాయివాళ్లు కట్టినట్టు. పేరు కొట్టేసే పని ఆగిపోయింది. కాసేపాగి గొంతు తగ్గించి, "సార్, ఆ నీలం తెర మాకూ ఎక్కిస్తారా? ఎంతవుతాది?" అన్నాడు.

"ఊరికే" అన్నాడు బెన్నీ. "మౌస్ మాత్రం ముట్టగాకు."

తిరుగు బస్సులో ఏంజెల్ అడిగింది. "నిజం చెప్పు. F8 ఎందుకు పీకినావు?"

బెన్నీ కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "ఓబయ్య అని ముసలాయన. పింఛను కాగితం వానకు నానిపాయ. నా దగ్గర కాపీ ఉందని ధైర్యంగా వచ్చె. ముందురోజే F6 నొక్కబోయి F8 నొక్కింటి. 'చెరిపేయాల్నా' అని అదీ అడిగె. చూడకుండా 'ఊ' అంటి. తొమ్మిది నెలలు తిరిగినాడు పాపం. నన్ను ఒక్క మాటా అనలేదు. 'పోనీలే సార్, నీ మిషన్‌కు ఆకలైంటాది' అనె."

ఏంజెల్ ల్యాప్‌టాప్ సంచిని తన ఒళ్లోకి తీసుకుని, ఆళ్లగడ్డ దాకా పట్టుకునే కూర్చుంది.

కంది కోతలయ్యాక కొండమ్మ ఒక మూట తెచ్చి షాపులో దించింది. బెన్నీ నోరు తెరిచేలోగానే, "మూవే సార్, మూవే. కందులు కాపీ కావు" అంది.

ఆ సాయంత్రం బడి విడిచాక ఏంజెల్ తన సర్టిఫికెట్లన్నీ ఒక కవర్లో పెట్టుకుని వచ్చింది. బస్ పాస్ ఫారాల మీద కూర్చున్న మౌస్‌ను పక్కకు జరిపి, ఆ చోట కవర్ పెట్టింది.

"కాపీనా, మూవా?" అన్నాడు బెన్నీ.

"నీ దగ్గరికి మూవ్ అయి పదహారేండ్లాయ" అంది ఏంజెల్. "ఇవి మాత్రం కాపీ."