శ్రీహరిరావు గారి బరువు ఫైలు

శ్రీహరిరావు గారు ఒక్క కాగితం చింపగా నేను చూడలేదు. కంచన్‌బాగ్‌లోని మా ఆఫీసులో ఆయన హెడ్ క్లర్కు, పక్క సీటు నాది. నేను చేరిన రోజే నాకు పాఠం చెప్పారు. "వచ్చిన కాగితం ఏదైనా సరే రామ్‌చందర్, ముందు తేదీ చూడు. నంబరు వెయ్యి. ఫైల్లో పెట్టు. కాగితం దాచినవాడు గుమాస్తా కాదు, దొంగ." భీమవరం నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో ఇరవై ఏళ్లు కాపురం ఉన్నా, పాతబస్తీలో ఆయనకు నచ్చినవి రెండే. ఒకటి మంజీరా నీళ్లు, రెండోది మా ఇంటి నుంచి నేను తెచ్చే సకినాలు.

2003 మార్చిలో ఆయన చెల్లెలు మైథిలికి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తేలింది. ఆమె సైదాబాద్‌లో స్కూలు టీచరు, ముప్పై ఆరేళ్లు. భర్త బ్లడ్ గ్రూపు కలవలేదు. తల్లికి షుగరు. ఇక మిగిలింది అన్నయ్య. "నా చెల్లెలికి నేనున్నాను, నా కిడ్నీ ఉంది" అని శ్రీహరిరావు గారు ఆఫీసులో అందరి ముందూ అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు వాపసు తీసుకునే వీలుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఏప్రిల్‌లో ఒకరోజు ఇంటర్నెట్ చూడాలన్నారు. నా స్కూటరు మీద బబ్లూ నెట్ సెంటరుకు తీసుకెళ్లాను. ప్లైవుడ్ గదిలో పరదా వేసుకుని గంటసేపు కూర్చున్నారు. నేను బయట చాయ్ తాగుతూ ఉన్నాను. మడిచిన కాగితం ఒకటి జేబులో పెట్టుకుని వచ్చారు. చెల్లెలి జబ్బు గురించి చదువుకున్నారు పాపం అనుకున్నాను.

ఆ ఎండాకాలం ఆయనకు ఆకలి పెరిగింది. ఎండలకు నీరసంగా ఉందని టిఫిను రెండుసార్లు తినేవారు. క్యాంటీన్‌లో మైసూర్ పాక్ కనబడితే వదిలేవారు కాదు.

జూన్‌లో డాక్టరు పరీక్ష చేసి తొంభై ఒక్క కిలోలని తేల్చాడు. ఇంత బరువున్న మనిషికి ఆపరేషన్ చెయ్యనని చెప్పేశాడు. "అక్టోబరు లోపల ఎనభై అయిదుకు రండి. అన్నం తగ్గించండి, రోజూ గంట నడవండి." డాక్టరు చెప్పింది అంతే. అప్పటిదాకా మైథిలికి వారానికి రెండుసార్లు డయాలసిస్.

అంత చిన్న మాట మీద మా హెడ్ క్లర్కు పని మొదలు పెడతారా? ఫైలు తెరిచారు. ఎర్ర ట్యాగు కట్టి, అట్ట మీద 'విషయము: బరువు తగ్గింపు, స్వీయ' అని రాశారు. రోజూ సాయంత్రం బబ్లూ దగ్గర కూర్చుని అమెరికా వాడు ఏమన్నాడు, ఆస్ట్రేలియా వాడు ఏమన్నాడు అని ప్రింట్లు తీయించేవారు. జూలై కల్లా ఫైలు రెండో భాగం తెరవాల్సి వచ్చింది.

"రావ్ సాబ్, గిన్ని కాగితాలు మోస్తేనే మీరు సన్నగ గావాలె" అన్నాడు బబ్లూ. ఆ కాగితాలు మోసేది నేనని అతనికి తెలియదు.

ఒక సైటు అన్నం మానమంది. ఇంకోటి మాంసం మానమంది. మూడోది పొద్దున రాజాలా తినమంది. నాలుగోది పొద్దున తిండే వద్దంది. శ్రీహరిరావు గారు నాలుగూ చదివి నోట్ రాశారు: 'పరస్పర విరుద్ధ అభిప్రాయములు అందినందున, స్పష్టత వచ్చు వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను.' యథాతథ స్థితి అంటే ముద్దపప్పు, ఆవకాయ, గరిటెడు నెయ్యి. ఆయన భార్య కమలకుమారి గారు ఆ ఉత్తర్వును నమ్మి వడ్డించేది.

ఒక సైటులో బ్రోకలీ తినమన్నారని నన్ను మాదన్నపేట మండీకి తీసుకెళ్లారు. "గదేందో నాకు ఎర్క లేదు సారు, గోబీ ఉంది, తీస్కపో" అంది కూరలమ్మే సుగుణమ్మ. గోబీ కొనలేదు. ఇంటికొచ్చి 'స్థానికముగా అలభ్యము' అని రాసుకున్నారు.

నాకు ఒళ్లు మండేది. "సార్, గిదంత ఎందుకు? జర తక్కువ తిని జర నడిస్తే అయిపోతది కద" అన్నాను ఒకసారి.

"తొందరపడకూడదయ్యా. ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం" అన్నారు.

ఆయనకు ఇంటర్నెట్ చదవడం రాదనుకునేరు. మా అందరికంటే బాగా వచ్చు. ఒక పొడి తాగితే నెలకు పదిహేను కిలోలు తగ్గుతారని మా స్టోర్స్ సాయిలు ఒక ప్రింటు పట్టుకొస్తే, ఆయన పేజీ అడుగున వేలు పెట్టి చూపించారు. "రాసిందెవడు? పొడి అమ్మేవాడే. డాక్టరు పేరుందా? తేదీ చూడు, నాలుగేళ్ల కిందటిది." సాయిలు బతికిపోయాడు. ఈ విద్యే ఆయన మైథిలికి కూడా నేర్పారు. ప్రతి ఆదివారం ఆమె ఇంటికి ఫైలు పట్టుకెళ్లి, ప్రింటు తీసిన తేదీ కాగితం మూల మీద ఎలా పడుతుందో, దాన్ని ముందు ఎందుకు చూడాలో చెప్పేవారు. అన్నయ్య తన కోసం ఇంత కష్టపడుతున్నాడని ఆవిడ మురిసిపోయేది. నేనూ తక్కువ తినలేదు. సాయంత్రం ఫైలు పని అయ్యాక మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆయనతో పాటు నిలబడింది నేనే.

అక్టోబరులో డాక్టరు తూకం వేస్తే తొంభై నాలుగు. "ఈ మనిషితో కాదమ్మా, ఇంకో దారి చూసుకోండి" అన్నాడు మైథిలితో.

అక్కణ్ణుంచి అందరం శ్రీహరిరావు గారి ఇంటికొచ్చాం. ఆయన సోఫాలో కూలబడి, "ప్రపంచంలో ఉన్న సమాచారమంతా సేకరించానే! నా శరీరతత్వమే అంత" అని ఫైలు రెండు భాగాలూ చెల్లెలి ముందు పెట్టారు. సానుభూతి కోసం పెట్టారని నా అనుమానం.

మైథిలి మొదటి భాగం తీసుకుని తిరగేసింది. మా ఆఫీసు పద్ధతిలో ఒకటో నంబరు కాగితం అన్నిటికంటే అడుగున ఉంటుంది. ఆమె అక్కడిదాకా వెళ్లి ఆగింది. చాలాసేపు చూసి నాకిచ్చింది.

అది ఏ బరువు దాటితే కిడ్నీ దాతను వద్దంటారో చెప్పే పట్టిక. శ్రీహరిరావు గారి ఎత్తుకు ఎదురుగా ఎనభై అయిదు అని ఉంది. ఆ అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. ఆఫీసు మెడికల్‌లో ఆ మార్చిలో ఆయన బరువు ఎనభై రెండని నాకు తెలుసు. ఆ రిపోర్టు టైపు చేసింది నేను.

"తేదీ ముందు చూడమన్నావు కదా అన్నయ్యా" అంది మైథిలి. "ఏప్రిల్ మూడు. నువ్వు డాక్టర్ని చూసింది జూన్‌లో."

 కాగితం చింపడం చేతకాని మనిషి, దాన్ని కూడా నంబరు వేసి ఫైల్లో పెట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆయనను గారు అనాలని నాకు అనిపించలేదు.

"భయమేసిందే మైథిలీ" అన్నాడు చివరికి.

"నాకూ వేస్తోంది. వారానికి రెండుసార్లు." ఆమె గొంతు పెరగలేదు. "ఏప్రిల్‌లో ఈ మాట అని ఉంటే వేరే కిడ్నీ కోసం ఆసుపత్రి జాబితాలో అప్పుడే పేరు రాయించుకునేదాన్ని. ఆరు నెలలు నీ వెనక నిలబడ్డాను."

"ఆరు నెలలూ నెయ్యి వేసింది నేను" అంటూ కమలకుమారి గారు ఏడ్చింది.

మైథిలి మర్నాడే జాబితాలో పేరు రాయించుకుంది. నంబరు పంతొమ్మిది.

ఆ తర్వాత ఆయనకు ముద్ద దిగలేదు. బబ్లూ దగ్గరకు వెళ్లలేదు, ఏ సైటూ చూడలేదు. ఫిబ్రవరికి మా డిస్పెన్సరీ కాటా మీద డెబ్బై తొమ్మిది తూగాడు.

"సార్, ఇప్పుడు పోయి చెప్పుండ్రి మీ చెల్లెకు, ఇస్త అని" అన్నాను.

"వాళ్ల వైపు నుంచి ఏ అభ్యర్థనా రాలేదు కదయ్యా" అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. తెల్లకాగితం ఒకటి తీసి ఆయన బల్ల మీద పెట్టాను. "గయితే మీరే రాయుండ్రి సార్. కిడ్నీ ఇస్త అని ఒక్క ముక్క. నేను పట్కపోయి ఆమె చేతుల పెడ్త."

ఆయన కలం తీశాడు. అలవాటు కొద్దీ పైన మూలకు తేదీ వేశాడు. సాయంత్రం ఆఫీసు కట్టేసే వేళకు కూడా ఆ కాగితం మీద తేదీ ఒక్కటే ఉంది.