ఒకవేళక్క, గోరంత స్ప్రింగు

కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె ఒకవేళక్క. మిషనుకి కావలసిన విడిభాగాలు ఎవరి దగ్గర కొనాలో తేల్చడం ఆమె పని. ఆ తేల్చడం మామూలుగా ఉండేది కాదు. సరుకు చూపించడానికి ఎవరైనా వచ్చారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. "ఒకవేళ మీ షెడ్డులోకి నీళ్ళొస్తే?" "ఒకవేళ కరెంటు పోయి రాకపోతే?" "ఒకవేళ మీ పనివాళ్ళంతా ఒక్కసారే మానేస్తే?" ఇస్త్రీ చొక్కాల్లో దర్జాగా వచ్చిన పెద్దమనుషులు చెమటలు తుడుచుకుంటూ బయటపడేవాళ్ళు. అంతటితో వదిలితేనా! మర్నాడు చెప్పాపెట్టకుండా వాళ్ళ వర్క్‌షాపుకి వెళ్ళి, సరుకు దించే వెనక గుమ్మంలోంచి దూరేది. ముందు గదిలో కుర్చీలూ పూలకుండీలూ ఎవడైనా పెడతాడు, వెనకాల ఏముందో అదీ అసలు సంగతి అని ఆమె వాదన. ఒకాయన దగ్గర తుప్పుపట్టిన ఇనుము మీద కోళ్ళు దర్బారు చేస్తూ కనిపించాయి. ఆయన ఇప్పటికీ ఈవిణ్ణి చూస్తే పక్క సందులోకి తప్పుకుంటాడు.

ఇంట్లోనూ అదే ధోరణి. సినిమాకి వెళ్దామంటే, టికెట్లు దొరక్కపోతే ఎలాగని ఇంకో సినిమా కూడా అనుకుని పెట్టుకునేది. "నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంకొకణ్ణి అనుకుని పెట్టుకున్నావా ఏమిటే?" అని మొగుడు ఏడిపించేవాడు. "పెట్టుకున్నాను. చెప్పిన టైముకి రావడంలో వాడు నీకంటే అధ్వాన్నం," అనేది.

కుట్టుమిషనులో దారాన్ని బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగు ఒకటుంటుంది. చూస్తే గోరంత. అది లేకపోతే దారం వదులైపోయి కుట్టు ఉండలు కడుతుంది, అంత మిషనూ దండగ. అందుకని ఒకవేళక్క ఆ స్ప్రింగు దగ్గర మరీ జాగ్రత్త పడింది. ఊరికి ఈ చివర ఒకణ్ణీ ఆ చివర ఒకణ్ణీ పెట్టుకుంది. ఒకాయన లావు, ఒకాయన సన్నం. కాబట్టి ఆమె నోట వాళ్ళు లావాయన, సన్నాయన. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఒకడు ముంచినా రెండోవాడు ఆదుకుంటాడని ఆమె నిశ్చింతగా ఉండేది.

ఆమె తమ్ముడిదీ స్ప్రింగుల పనే. చిన్న గది, ఒక మిషను, ఒక మనిషి. ఆ మనిషి కూడా అతనే. అక్క ఒక్కసారి తన పని చూసి బాగుందంటే చాలని పాపం అతని ఆశ. "అక్కా, నా షాపుకి ఒక్కసారి రావే," అని ఎంత బతిమాలినా ఆమె ఆ గుమ్మం తొక్కలేదు.

"సొంత తమ్ముడికి ఆర్డరిస్తే నలుగురూ ఏమంటారు రా? పైగా నువ్వు ఒక్కడివి. ఒకవేళ నువ్వు షాపు తియ్యకపోతే మా వాళ్ళంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?"

పైగా, పుండు మీద కారం చల్లినట్టు, ఆదివారం భోజనాల దగ్గర సంచీలోంచి ఒక స్ప్రింగు తీసి అతని కంచం పక్కన పెట్టేది. "చూడు, చుట్లన్నీ ఎంత సమానంగా ఉన్నాయో. పనంటే ఇదీ. చూసి నేర్చుకో." తమ్ముడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నిజమే అక్కా, ఎవడో గానీ చెయ్యి తిరిగినవాడే," అని బుద్ధిగా ఒప్పుకునేవాడు. అతని పెళ్ళాం మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తేది. మరదలికి ఆ నవ్వెందుకో ఒకవేళక్కకి బోధపడేది కాదు.

ఆ యేడు ఫ్యాక్టరీకి ఎన్నడూ లేనంత పెద్ద ఆర్డరు వచ్చింది. కుట్టుపని నేర్పే బడులన్నిటికీ మిషన్లు కావాలట. ఓనరు ఆమెను పిలిచి, "ఇది సరిగ్గా అందిస్తే మన దశ తిరిగినట్టే. ఏ విడిభాగం కోసమూ మిషన్లు బిగించే లైను ఆగకూడదు. నీదే భారం," అన్నాడు. "ఆగనిస్తానా!" అంది ఆమె.

లైను మంచి జోరుమీదున్న రోజుల్లోనే మరదల్ని కానుపుకి ముందుగానే వచ్చి ఆసుపత్రిలో చేరమంది డాక్టరు. తమ్ముడు షాపు మూసేసి పెళ్ళాం మంచం పక్కనే ఉండిపోయాడు. ఓ మధ్యాహ్నం పాప పుట్టింది. కబురు అందగానే ఒకవేళక్క ఆఘమేఘాల మీద వచ్చి వాలింది. మేనకోడల్ని చేతుల్లోకి తీసుకుని, ఆ బుగ్గలు చూసి, ఆనందం పట్టలేక ఏడ్చేసింది కూడా. సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ నుంచి ఫోను. స్ప్రింగులు అడుగంటాయి. లావాయన సరుకు రాలేదు, సన్నాయన సరుకూ రాలేదు.

పాపను మరదలి తల్లికి అందించి, ఆమె వరండాలోకి వచ్చి లావాయనకి ఫోను చేసింది. "ఒక్క నిమిషం అక్కా, లోపల కనుక్కుని చెప్తా," అన్నాడు ఆయన. పక్క బెంచీ మీద కూర్చున్న తమ్ముడి ఫోను మోగింది. "ఇప్పుడు కాదన్నా, పాప పుట్టింది," అని అతను గొంతు తగ్గించి చెప్పి పెట్టేశాడు. ఆమె పట్టించుకోలేదు. సన్నాయనకి చేసింది. "మా వాణ్ణి అడిగి చెప్తా," అన్నాడు. తమ్ముడి ఫోను మళ్ళీ మోగింది.

ఈసారి ఆమె తిరిగి చూసింది. తమ్ముడు తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు. గభాల్న ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది.

"బాబ్బాబు, కాసిని స్ప్రింగులు చుట్టి పడెయ్యవయ్యా! ఆ ఒకవేళక్క నన్ను తినేస్తోంది!" అంటున్నాడు సన్నాయన.

"తినడం ఇంకా మొదలుపెట్టలేదు," అంది ఒకవేళక్క. అవతల ఫోను టక్కున ఆగిపోయింది.

"అంత చిన్న స్ప్రింగు చుట్టడం వాళ్ళ వల్ల కాలేదక్కా," అన్నాడు తమ్ముడు. "ముందు లావాయన వచ్చాడు, తర్వాత సన్నాయన. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. నీకు చెబితే మాన్పించేస్తావని..."

వాళ్ళ షెడ్లలో మిషన్లు గిరగిరా తిరుగుతుంటే ఆమె కళ్ళారా చూసింది. వరదలు అడిగింది, కరెంటు అడిగింది. ఈ స్ప్రింగు మీరే చేస్తారా అని మాత్రం అడగలేదు! ఆదివారం ఆదివారం ఎవడి పని ఎవడికి చూపించి నేర్చుకోమందో తలుచుకుని పగలబడి నవ్వింది. నర్సు వచ్చి కసిరినా ఆగలేదు.

అంతలో లైను గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. తమ్ముడి వంక చూసింది. "లే, వెళ్ళి మిషను వెయ్యి," అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతను కూడా లేచి నిలబడ్డాడు. "వెళ్తానక్కా. నీ మాట పోనివ్వను." కాళ్ళు మెట్లవైపు కదిలాయి గానీ, కళ్ళు పాప ఉన్న గది తలుపు మీదే ఉన్నాయి. ఆమెకి సిగ్గేసింది.

"కూర్చో," అంది. కూర్చోబెట్టి ఓనరుకి ఫోను చేసింది. "లైను ఆగుతుందండీ. తప్పు నాది. స్ప్రింగుకి ఇద్దరున్నారనుకున్నాను, చూస్తే ఒక్కడే. ఆ ఒక్కడికీ ఇప్పుడే కూతురు పుట్టింది."

"ఎవరా ఒక్కడు?"

"మా తమ్ముడు."

"నేను అడిగినా నువ్వు ఒద్దుగాక ఒద్దన్నవాడా?" ఓనరు నవ్విన నవ్వుకి ఆమె ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. "సరే, కానియ్. బడులవాళ్ళకి నేను నచ్చచెబుతాను. ఇంతకీ పాపది ఎవరి పోలిక?"

"నా పోలికేనండీ. అప్పుడే కనుబొమలు ముడిచి అందర్నీ అనుమానంగా చూస్తోంది."

తల్లీబిడ్డా ఇల్లు చేరాక తమ్ముడు షాపు తెరిచాడు, లైను కదిలింది. ఆర్డరు కాస్త ఆలస్యంగా వెళ్ళినా, బడులవాళ్ళు సణిగి సణిగి తీసుకున్నారు. ఆ తర్వాత ఒక సాయంత్రం ఒకవేళక్క మొదటిసారి తమ్ముడి షాపుకి వెళ్ళింది. తీగ చూసింది, మిషను చూసింది, అతను చుడుతుంటే పక్కన నిలబడి చూసింది.

"బాగుంది రా. నీకంటే బాగా చుట్టేవాళ్ళు లేరు. నాకు గర్వంగా ఉంది," అంది.

తమ్ముడు మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఆర్డరు సంగతి చెప్పింది. ఇకనుంచి నేరుగా అతనికే, కానీ సగం. మిగతా సగం నదికి అవతల ఒకామెకి. ఆవిడ స్ప్రింగు చుట్టడం ఒకవేళక్క దగ్గరుండి చూసింది, తీగ ఏ కొట్లో కొంటుందో కూడా వెళ్ళి చూసొచ్చింది.

"సగమేనా?" తమ్ముడు మూతి ముడిచాడు. "నాకంటే బాగా ఎవరూ చుట్టరని ఇప్పుడేగా అన్నావు?"

"అన్నాను. కానీ మొత్తం నీకే ఇస్తే, నీ ఇంట్లో సంతోషం వచ్చినప్పుడల్లా నాకు ముందు భయమేస్తుంది. ఆ రోజు ఆసుపత్రిలో ఒక్క క్షణం నువ్వు నాకు తమ్ముడిలా కనబడలేదు రా. ఆగిపోయిన మిషనులా కనబడ్డావు. ఇంకోసారి నిన్నలా చూడటం నా వల్ల కాదు."

తమ్ముడు మిషను ఆపి, చేతులు తుడుచుకుని, "పద అక్కా, ఇంటికెళ్దాం. పాప నిద్రలేచే వేళైంది," అన్నాడు.