వెన్నుసూదికి ముందు

సోయా పాలు కాగుతున్న పచ్చివాసన వస్తే చాలు, నాకు నవ్వొస్తుంది. ఆ వెనకే కామేశ్వరి మేడం గుర్తొస్తారు. తొంభైల్లో భిలాయిలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఆవిడ పిల్లల డాక్టరు. నేను ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న కొత్త డాక్టర్ని. ఆవిడది విజయనగరం, నవ్వితే వార్డు చివరిదాకా వినబడేది.

ఒక ఉదయం చరోదా రైల్వే కాలనీ నుంచి పుట్టి వారమైనా నిండని పసివాణ్ణి తెచ్చారు. ఒళ్లంతా పచ్చబడింది. తాగిన పాలన్నీ కక్కేస్తున్నాడు, ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఇన్ఫెక్షన్ మెదడుకు పాకిందేమోనని నా భయం. అది తేలాలంటే వెన్నులోంచి నీరు తీసి చూడాలి. సూది సిద్ధం చేసుకున్నాను. మేడం అడ్డుపడ్డారు.

"ఏటమ్మా ఆ తొందర? ముందు మడమ సూడు."

రక్తం తీయడానికి గుచ్చిన చోట దూది ఇంకా ఎర్రగా తడుస్తూనే ఉంది.

"ఇక్కడే ఆగని రక్తం వెన్నులో ఆగుతాదా? లోపల పేరుకుని నరాల్ని నొక్కితే కాళ్లు పడిపోతాయి. ఇన్ఫెక్షన్‌కి మందు ఇప్పుడే మొదలెట్టు. నీరు తర్వాత తీద్దాం."

రక్తం ఆగడానికి విటమిన్ ఇంజెక్షన్, ప్లాస్మా ఎక్కించాం. ఈలోగా ఆవిడ పిల్లాడి మూత్రాన్ని నీలిరంగు ద్రావణంలో కలిపి వేడిచేశారు. నీలం ఇటుకరంగుకు మారింది, అంటే మూత్రంలో ఏదో చక్కెర ఉన్నట్టు. గ్లూకోజు పరీక్షలో మాత్రం ఏమీ కనబడలేదు. ఆవిడ కళ్లు మెరిశాయి. "ఇది పాలలోంచి వచ్చే చక్కెర. దాన్ని వాడుకునే శక్తి వీడికి పుట్టుకతోనే లేదు. లివర్ దెబ్బతింది, అందుకే ఈ రక్తం." బయటికి పంపిన రక్తపరీక్ష కూడా తర్వాత అదే చెప్పింది.

పాలు ఆపేయమనగానే నాయనమ్మ గొడవ పెట్టుకుంది. "తల్లిపాలు మానిపించీడమేటి, డాక్టరమ్మా?"

"నీ మనవడికి పాలే పడవు మామ్మా. సోయా పాలపొడి కలిపి పడదాం."

భిలాయిలోనే పుట్టి పెరిగిన తండ్రి, బిడ్డ బతుకుతాడు కదా అని గుమ్మం దగ్గరే నిలబడి హిందీలో అడిగాడు. "బచ్ జాయేగా నా, మేడం?"

"బచేగా! తుమ్హే నచాయేగా భీ!" బతకడమే కాదు, నీచేత చిందులు వేయిస్తాడు కూడా అని ఆవిడ భరోసా.

రోజురోజుకీ వాడి ఏడుపు గట్టిపడింది. ఆ ఏడుపు విని మేమందరం మురిసిపోయేవాళ్లం. రక్తం సరిగ్గా గడ్డకడుతోందని పరీక్షలో తేలాక, మేడం పక్కన నిలబడగా నేనే వెన్నునీరు తీశాను. తేటగా వచ్చింది. మెదడుకు ఏమీ కాలేదు. మొదటి పుట్టినరోజుకి నాయనమ్మ వార్డంతా నువ్వుండలు పంచింది. వాడు మంచాల మధ్య తప్పటడుగులు వేస్తుంటే తండ్రి నిజంగానే వెనకాల చిందులు వేశాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మేడమే.

ఇప్పటికీ కొత్త బిడ్డ దగ్గరికి వెళ్లినప్పుడు, చేతికి ఏ పనీ చెప్పకుండా కాసేపు చూస్తూ ఉంటాను. పక్కన జూనియర్లు అసహనంగా కదులుతారు. కదలనిస్తాను. చూడటం కూడా వైద్యమేనని ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. పక్కన నిలబెట్టుకుని చూపించారు.