అత్త పెంచిన ముంతల తీగ

"అమ్మ పోయింది" అని బావ ఫోన్ చేసినప్పుడు నేను చేవెళ్లలో కూరగాయలు కొంటున్నాను. సంచి అక్కడే వదిలేసి, మొయినాబాద్ దగ్గర వాళ్ల ఊరు హిమాయత్‌నగర్ వెళ్లే ఆటో ఎక్కాను. మేనత్త ఇక లేదన్న బాధతో పాటు ఇంకో బెంగ కూడా పట్టుకుంది. ఆమె ముంతల తీగ ఇక ఎవరికి కావాలి?

మీలో చాలామంది ఆ మొక్కను చూసి ఉండరు. ఆకు కొస తీగలా సాగి, చివర మూత ఉన్న చిన్న ముంత కడుతుంది. అందులో పడిన చీమలు, ఈగలే దానికి తిండి. మొయినాబాద్‌లో ఒక నర్సరీకి కూలికి వెళ్లే రోజుల్లో అత్త దాన్ని తెచ్చుకుంది. సేద్యం మనిషి కదా, మొక్క ఇంటికి రాగానే దోసెడు పెంట ఎరువు వేసి, బోరు నీళ్లు నిండుగా పోసింది. ఎరువు, బోరు నీళ్లలోని ఉప్పు ఆ మొక్కకు పడవు; ముంతలన్నీ నల్లబడి ఎండిపోయాయి.

"కడుపు నిండ పెట్టి చంపుకుంటి గదనే" అని నా దగ్గర ఎంత బాధపడిందో.

తర్వాత వేర్లు కడిగి, కొబ్బరి పీచులో బొగ్గు ముక్కలు కలిపి నాటింది. వాన నీళ్లు డ్రమ్ములో పట్టి అవే పోసేది. ఎండాకాలం చుట్టూ తడి గోనెసంచి కట్టేది. డ్రమ్ము అడుగంటితే మందుల దుకాణం ఏసీ నుంచి కారే నీళ్లను సీసాలో పట్టుకొచ్చేది. "నవ్వెటోళ్లు నవ్వుండ్రి, నాకేం ఫికర్" అనేది. మళ్లీ ముంత కట్టిన రోజు వాడంతా తిరిగి చెప్పింది. ఆ మొండితనమంటే నాకు చాలా ఇష్టం.

అత్త కోడలికి, అంటే బావ భార్యకు మాత్రం ఆ మొక్క కంట్లో నలుసు.

"పానం తీసే చెట్టు ఇంట్ల మంచిదిగాదు అత్తమ్మా."

"బియ్యంల పురుగులు ఏరి నువ్వు పారేస్తలేవా? అది పారేయకుండ తింటది, అంతే."

పదకొండో రోజు భోజనాలయ్యాక, ఆ కుండీని మా ఇంటికి తెచ్చుకుందామని వరండాలోకి వెళ్లాను. కోడలు నా చెయ్యి పట్టుకుంది.

"గది ఏడికి చెల్లే? ఉండనీ. పొద్దుగాల లేస్తే దాని దిక్కే పోతున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆమె లోపలికి వెళ్లి ఒక పెరుగు డబ్బా తెచ్చింది. అందులో పీచు మీద చిన్న కొమ్మ, ఒక ఆకు కొసన చింతగింజంత ముంత.

"అత్తమ్మ మంచం పట్టినంక చెప్పుకుంట చేపిచ్చింది. కొమ్మ నేనే నాటిన. తీస్కపో, జర పైలం."

తిరుగు ఆటో కిక్కిరిసి ఉంది. ఎండగాలి కొడుతుంటే డబ్బాను ఒళ్లో దాచుకున్నాను. పక్కన కూర్చున్న ముసలావిడ అదేమిటని కూడా అడగలేదు. తన కొంగు తీసి దానికి అడ్డం పెట్టి, చేవెళ్ల వచ్చేదాకా అలాగే పట్టుకుంది.