బేస్ డబ్బా లేని ప్లాను

మా హాలు పద్నాలుగడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. కోలారు బంగారు గనుల ఊరిగాంలో గని కంపెనీ కట్టించిన పాత ఇల్లు. రెండు గదుల మధ్య గోడ తీసేసి ఒకటి చేసుకున్నాం. నిద్రలో లేపి అడిగినా ఈ కొలతలు తప్పు లేకుండా చెప్తాను. ఎందుకు చెప్పను? ఇంట్లోనే సినిమా హాలు పెట్టుకోవాలనే పిచ్చి పట్టి, మూడు నెలలు మారికుప్పం రైల్లో బెంగళూరు ఆఫీసుకు పోతూ వస్తూ గళ్ళ కాగితం మీద గీసిందే గీశాను. పక్కన కూర్చునేవాళ్ళు మొదట్లో నేను ఇల్లు కడుతున్నాననుకున్నారు. స్పీకర్ల వైర్ల కోసం ఈ తిప్పలని తెలిశాక, పాపం మంచివాడే కానీ కొంచెం తేడా, అన్నట్టు చూసేవాళ్ళు.

చూస్తే చూడనీ. నా పద్ధతి నాది. టీవీ కింద నడుమ ఒక స్పీకరు, మాటలన్నీ అందులోంచి రావాలి. దానికి కుడి ఎడమల రెండు, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో. సోఫాకు రెండు పక్కలా, కాస్త వెనగ్గా, మరో రెండు. అన్నిటికీ అసలు రాగి వైరు. రాగి పూత పూసిన అల్యూమినియం అంటగడితే ఊరుకునేది లేదు. కరెంటు వైరూ స్పీకరు వైరూ ఒకే పైపులో పోకూడదు. పోతే స్పీకర్లో కందిరీగ దూరినట్టు జుయ్యిమంటుంది. రెండూ ఎదురుపడక తప్పని చోట ఒకదాన్నొకటి అడ్డంగా దాటాలి తప్ప పక్కపక్కన నడవకూడదు. ప్రతి పైపులోనూ ఒక ఉత్త తాడు వదలాలి, రేపు ఇంకో వైరు లాగాల్సి వస్తే గోడ మళ్ళీ పగలగొట్టకుండా. బళ్ళో పాఠాలు చెప్పే మా ఆవిడ ఇదంతా విని, "సినిమా చూసేకి ఇంత చదువు చదవల్లనా? పరీక్ష కూడా ఉండాదా ఏమి?" అంది.

ముళబాగిలు నుంచి వైరింగు మనిషిని పిలిపించాను. పెళ్ళి మంటపాలకు సౌండు పెట్టి పెట్టి ఆరితేరినవాడు, ఇంచుమించు నా వయసే. కాగితం చేతికిచ్చాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"అన్నీ బాగుండాయి సార్. బేస్ డబ్బా యాడ?" అన్నాడు.

బేస్ డబ్బా అంటే లోతైన శబ్దాల కోసమే పెట్టే పెద్ద పెట్టె. ఉరుములు, ఏనుగుల అడుగులు, మేడలు కూలడాలు, ఇట్లా చెవికంటే ముందు పాదాలకు తెలిసే శబ్దాలన్నీ దానిలోంచే వస్తాయి.

"అది వద్దు" అన్నాను.

"అది లేకుంటే ఉప్పులేని సంగటే సార్. ఇంత చేసి దాన్ని వదిలేస్తే ఎట్ల?"

"వద్దంటే వద్దప్పా! ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని అరిచేశాను. నిజానికి అంతకుముందు నేను చెప్పింది ఒక్కసారే. పాపం, బిత్తరపోయాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మ చేతుల చప్పుడు ఆగిపోయింది. నేనెందుకు వద్దన్నానో ఈ ఇంట్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

అది చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి. చిత్తూరు పక్క పల్లె నుంచి వచ్చి గనిలో చేరినవాళ్ళం. నాయన లోపల పని చేసేవాడు. అప్పట్లో భూమి అడుగున ఎక్కడో రాయి ఒత్తిడి తట్టుకోలేక ఉన్నట్టుండి పగిలేది. దాన్ని మావాళ్ళు ఎయిర్ బ్లాస్ట్ అంటారు. పైన ఇళ్ళల్లో ఉన్న మాకు తెలిసేది ఇంతే: నేల గుమ్మంటుంది, గూట్లో పళ్ళేలు గలగలమంటాయి. మరుక్షణం ఆడవాళ్ళు పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని గనిలోకి దిగే షాఫ్ట్ గేటు దగ్గరికి నడిచేవాళ్ళు. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, ఏడవరు. మనుషుల్ని పైకి లాగే ఇనుప బోను, కేజిలో తన మనిషి పైకి వచ్చాడంటే, ఆమె తల దించుకుని గమ్మున ఇంటికి వెళ్ళిపోవాలి. నవ్వకూడదు, పక్కామె వైపు చూడకూడదు. పక్కామె మనిషి ఇంకా రాలేదు కదా! ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ తెలుసు. గేటు కాడ ఇల్లాలు ఉంటుందని లోపలున్న మగవాళ్ళకీ తెలుసు. అమ్మ అట్లా నాలుగైదుసార్లు వెళ్ళింది. ప్రతిసారీ నాయన వచ్చాడు.

నాకేమో పన్నెండో ఏట సౌండు పిచ్చి పట్టింది. పాడైన రేడియోలోంచి స్పీకరు పీకి, మట్టికుండ మూతికి బిగించి, టేపు రికార్డరుకు తగిలించాను. కుండకు బిగిస్తే ఎంత పీల స్పీకరైనా డోలు మాదిరి మోగుతుంది. నేల మీద పెట్టి గట్టిగా పెడితే గూట్లో పళ్ళేలు కూడా అదిరేవి. అమ్మకు ఒళ్ళు మండేది. "ఒరే, గుండె ఆగిపోతాదిరా నాకు! బ్లాస్ట్ అనుకుంటాండా. ఆపు దాన్ని!" అని ఒకసారి చీపురు కూడా విసిరింది. నేను వింటేనా!

ఆ రోజు బడికి సెలవు. పొద్దున పదకొండు అయ్యుంటుంది. నాయన షిఫ్టులో ఉన్నాడు. నేను కుండ ముందు కూర్చుని సౌండు మొత్తం తిప్పాను. సరిగ్గా అప్పుడే నేల గుమ్మంది. గూట్లోంచి పళ్ళెం ఒకటి కిందపడి గిరగిరా తిరిగింది. "ఆ కుండ ఆపుతావా లేదా!" అని వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. ఆపేశాను. నాకు భయం వేయలేదు. నా కుండ ఇల్లంతా ఊపేసిందని, సిగ్గులేనివాడిని, గర్వపడ్డాను.

మధ్యాహ్నం నాయన తోటి పనివాడు వచ్చి తలుపు కొట్టేదాకా మేం ఇంట్లోనే ఉన్నాం. నాయనను పైకి తెచ్చేటప్పటికి ప్రాణం ఉందట. ఆసుపత్రిలో గంటసేపు తెలివితోనే ఉన్నాడట. "మా ఇంటామె గేటు కాడ ఉంటాది, పిలవండప్పా" అని అడిగాడట. పోయి వెతికారు. గేటు దగ్గర అమ్మ లేదు. మేం ఆసుపత్రికి చేరేసరికి దుప్పటి ముఖం మీదికి లాగేశారు.

"వీడి కుండ సద్దులో నాకు తెలీలేదు." వచ్చిన చుట్టాలందరికీ అమ్మ చెప్పిన మాట ఇది. నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఏడుస్తూ చెప్పేది, అంతే. ఇంకో మనిషి వస్తే మళ్ళీ మొదటి నుంచి. గోడకానుకుని కూర్చుని ప్రతిసారీ విన్నాను. మూడోనాడు ఆ కుండను పెరట్లో బండకేసి కొట్టాను. పగలగొడితే పోయే సంగతా అది!

ముప్పై ఏళ్ళు దాటిపోయాయి. గనులు మూతపడ్డాయి. నేల ఇప్పుడు అదరదు. నాకు మాత్రం అదురుతుంది. బెంగళూరులో సినిమా హాల్లో బేస్ గుమ్మనగానే అరికాళ్ళు చల్లబడతాయి, చీకట్లో చెప్పుల కోసం తడుముకుంటాను. అట్లా మధ్యలో లేచి వచ్చేసిన సినిమాలకు లెక్కలేదు. పెళ్ళి ఊరేగింపులో డప్పులు దగ్గరకొస్తే నాయన గొంతు వినబడుతుంది. ఆ మాట ఆయన అన్నప్పుడు నేనక్కడ లేను, అయినా వినబడుతుంది: గేటు కాడ ఉంటాది, పిలవండప్పా. ఇంట్లో సినిమా హాలు పెట్టుకోవాలనుకున్నది ఇందుకే. నా ఇల్లు, నా వైర్లు, రిమోటు నా చేతిలో. బేస్ డబ్బా ఉండదు. చచ్చేలోపు ఒక్క సినిమా అయినా చివరిదాకా కూర్చుని చూడాలని.

ఆదివారం మధ్యాహ్నానికి గోడల్లో పైపులు పడ్డాయి, వైర్లు లాగాం, ఐదు స్పీకర్లూ పలికాయి. మా ఆవిడ కోలారులో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. ముళబాగిలు మనిషి బయటికి వెళ్ళి ఆటోలోంచి ఇంకో అట్టపెట్టె మోసుకొచ్చాడు. అదేమిటో చూడగానే తెలిసిపోయింది.

"వద్దని చెప్పినానా లేదా!" అని లేచాను.

"నేనే తెమ్మన్నానప్పా" అంది అమ్మ, వంటింటి గడప దగ్గర నిలబడి. "పెట్టనీ. నువ్వు సుమ్నే గమ్మునుండు."

డెబ్బై ఆరేళ్ళ మనిషి. టీవీలో వార్తలు తప్ప ఇంకోటి చూడదు.

ఆ డబ్బాకు చోటు కాగితం మీద తేలదు, దానికి వేరే పద్ధతి ఉంది. మనం కూర్చునే చోట డబ్బాను కూర్చోబెట్టాలి. పాట పెట్టి, మనిషి గోడల వెంబడి మోకాళ్ళ మీద పాకుతూ వినాలి. ఏ మూల శబ్దం నిండుగా, ముద్దముద్దగా కాకుండా వినిపిస్తే ఆ మూల డబ్బాకు ఇవ్వాలి. "మీరే పాకల్ల సార్. రేపు వినేది మీరు కదా" అని, అతను డబ్బాను సోఫా మీదికెత్తి ఏదో పాట పెట్టాడు. యాభై దగ్గరపడుతున్న మనిషిని, అమ్మ ముందు నేల మీద పాకడం మొదలుపెట్టాను.

మొదటి మూల దాటానో లేదో గుమ్మంది. వంటింట్లో పళ్ళేలు గలగలమన్నాయి. నిజానికి నాయన పోయినప్పటి నుంచి అమ్మ పళ్ళేల కింద పాతచీర మడతపెట్టి పరుస్తోంది, అవి మోగే అవకాశమే లేదు. అయినా నాకు మోగాయి. అరచేతులు నేలకు అంటుకుపోయాయి. ముందుకు పోలేను, లేవలేను. అమ్మే చేత్తో సైగ చేసి పాట ఆపించింది. "నువ్వు కొంచేపు బయట కూచోప్పా, కాఫీ ఇస్తా" అని అతన్ని పంపేసి, గోడ పట్టుకుని మెల్లగా నా పక్కన నేల మీద కూర్చుంది.

"అది కుండ కాదు" అంది.

ఏ కుండ అన్నట్టు ఆమె వైపు తిరిగాను.

"ఆ పొద్దు. నీ కుండ కాదని నాకు అప్పుడే తెలుసు. నీ కుండకి పళ్ళేలు అదిరేవి, అంతే. ఆ పొద్దు నా కాళ్ళ కింద నేల లేసింది. కిటికీలోంచి చూసినాను. ఆడోళ్ళంతా గేటు కాడికి పోతాండారు. పక్కింటామె నన్ను పిలిచింది కూడా."

"మరి?"

"పోలేకపోయినా. ప్రతిసారీ వచ్చినాడు కదా, ఈసారి రాడేమో అని భయమైపోయింది. నేను పోకుంటే ఏమీ కానట్లే ఉంటాదని, పప్పు కడగతా కూచున్నా. ఆయన ఆడ నన్ను పిలస్తాంటే, నేను ఈడ పప్పు కడగతా ఉన్నానప్పా. ఆ మాట ఎవురికి చెప్పేది? నీ కుండ మీద పెట్టేసినా."

కోపం వచ్చింది. అమ్మ మీద జన్మలో ఎప్పుడూ రానంత కోపం.

"ముప్పై ఏళ్ళమ్మా!" అని అరిచాను. "నాయనకు నేనే ద్రోహం చేసినట్ల బతికినాను. ఒక్క రోజైనా నీకు నోరు రాలేదా?"

"రాలేదు" అంది. తల దించుకోలేదు, నన్నే చూస్తోంది. "చెప్తే నువ్వు నన్ను ఎట్ల చూస్తావో అని. దినామూ రేపు చెప్తా అనుకునేది. మొన్న ఆ మనిషి డబ్బా యాడ అంటే నువ్వు అరిచినావు చూడు, ఇంగ దాచేకి కాలేదు. అందుకే ఆ డబ్బా తెమ్మన్నా."

గోడకానుకుని కూర్చున్నాను.

"నేనూ పోలేదు కదమ్మా" అన్నాను చివరికి. "నేల అదిరింది నాకూ తెలిసింది. నేనూ గేటు కాడికి పోలేదు."

"నువ్వు పిల్లోడివప్పా. పన్నెండేళ్ళ పిల్లోడివి. నీకేమి తెలుసు?"

ఆ మాట కోసం ఇన్నేళ్ళు ఎదురుచూశానని, ఆమె నోట వినేదాకా నాకే తెలియదు. ఏడుపు ఆగలేదు. అమ్మ నా తల మీద చేయి వేయబోయి, వేయొచ్చో వేయకూడదో అని ఆగిపోయింది. వేయమ్మా అని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.