లక్క పోసిన పిడి

ఒక మనిషి చావు ఇన్నేళ్లుగా నా మీద కూర్చున్నది. ఎవరికీ చెప్పలే. ఈ మధ్యనే, బెల్లంపల్లిలో పెద్దవాళ్ల బడికి పోయి అక్షరాలు నేర్చుకున్న. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు రాస్తున్న.

మేము కమ్మరోళ్లం. అప్పుడు గోదావరి ఒడ్డున పల్లెలో ఉండేటోళ్లం. మా కొలిమి పటేల్ జాగలో ఉండేది. నా పెనిమిటి ఇనుము కొట్టేవాడు, నేను తిత్తి ఊదేదాన్ని. కత్తికి పిడి వేసేటప్పుడు లక్క కరిగించి, ఇటుకపొడి కలిపి, లోపల పోసేది నేనే.

నిజాం పల్టన్‌లో సిపాయిగా చేసి వచ్చిన ఖాజామియా దగ్గర పిడి విరిగిన బాకు ఉండేది. పటేల్ కొడుకు దాన్ని అడిగి తీసుకుని మా కొలిమికి తెచ్చిండు. అచ్చం పల్టన్ పిడి లెక్కనే ఉండాలన్నడు. నా పెనిమిటి అట్లనే చెక్కిండు. లక్క నేను పోసిన.

నిజాం రాజ్యం పోయినంక, పటేల్ కొడుకుతో పొలం గట్టు తగాదా ఉన్న రాజయ్యను ఎవరో పొడిచి చంపిండ్రు. పక్కనే ఆ బాకు దొరికింది. అది ఖాజామియాదే, నేను ముట్టలే అన్నడు పటేల్ కొడుకు. పటేల్ కొడుక్కే ఇచ్చిన, ఆయనే కొత్త పిడి వేయించుకున్నడు అన్నడు ఖాజామియా. పిడి మా కొలిమిల మారినట్టు తేలితే, తెచ్చిందెవరో కూడా బయటపడ్తది, ఖాజామియా బతుకుతడు. పోలీసు అమీన్ బాకును మా కొలిమికి తెచ్చిండు.

నా పెనిమిటి దాన్ని తిప్పి చూసిండు. "జర నిప్పుల మీద పెట్టాలె సాబ్. లోపల మా లక్కుంటే పిడి ఊడొస్తది, పల్టన్ పిడైతే ఊడదు" అని కొలిమి దిక్కు తిరిగిండు.

నేను అడ్డం పోయిన. "ఎందుకు కాల్చుడు? గది పల్టన్ పిడే. లక్క పోసేదాన్ని, నాకెరుక కాదా?"

అమీన్ నవ్విండు. "ఏమయ్యా, గీ కొలిమికి ఉస్తాద్ నువ్వా, నీ పెండ్లామా?"

జవాన్లు కూడా నవ్విండ్రు. నా పెనిమిటి నా మొఖం చూసిండు.

"ఆమెనే సాబ్" అని బాకును కాల్చకుండనే అమీన్ చేతికి తిరిగిచ్చిండు.

పల్టన్ పిడే అని నేనెందుకన్న? పటేల్ జాగ ఖాళీ చేయమంటడని భయం. నిజమే. పటేల్ మనుషులు పెనిమిటిని కొట్టి చంపుతరని భయం. అదీ నిజమే. ఆయనను కాపాడుకున్ననని చాన్నాళ్లు నాకు నేను చెప్పుకున్న. కానీ ఆయన కాపాడమని అడిగిండా? నిజం చెప్పడానికే నిప్పుల దిక్కు తిరిగిన మనిషిని నేను అబద్ధంలోకి గుంజిన. ఇంకొకటి ఉన్నది, అదీ రాస్తున్న. నలుగురి ముందర నన్ను ఉస్తాద్ అన్నప్పుడు, నవ్వులాటకే అన్నా, లోపల ఎక్కడో నాకు బాగనిపించింది.

ఖాజామియాకు శిక్ష పడ్డది, జైలులనే చచ్చిపోయిండు. కోతలప్పుడు ఆయన భార్య కొడవలి పదును పెట్టించుకోవడానికి మా దగ్గరికే వచ్చింది. ఊర్లో ఇంకో కొలిమి లేదు. "అక్కా, బాగున్నవా?" అన్నది. తిత్తి ఊదిన. కొడవలి ఎర్రగైంది.

తర్వాత నా పెనిమిటి కొలిమి ఇడిచి బొగ్గు బాయి పనికి పోయిండు. చనిపోయే దాకా ఆ సంగతి ఎత్తలే. ఒక్కసారి తిట్టినా బాగుండు అనిపించేది.

మీరు క్షమించాలని అడుగను. క్షమించే హక్కున్నామె ఎక్కడున్నదో తెలియదు. ఉన్నదో లేదో కూడా తెలియదు. ఖాజామియా అబద్ధమాడలే. ఆ సంగతి నాకు ఆ దినమే తెలుసు. ఇది నా చేతితో రాసిన. ఇప్పుడు నాతోపాటు మీకు కూడా తెలుసు.