రోకలిపోటు ఒకటైతే బొమ్మ వచ్చినట్టు

మిద్దె మీద నాయన అడుగుల చప్పుడు వినబడితే ఇప్పటికీ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తుతాను. నేను పిరికిదాన్నని ఊళ్లో అందరూ అంటారు. నేనూ కాదనను.

మాది కొమరోలు దగ్గర పల్లె. ఇంట్లో నాయనా నేనూ ఇద్దరమే. వయసులో ఉన్నన్నాళ్లూ బోరు బండి మీద పనిచేసి, ఆ మోతకు నాయన రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. చెవులు లేని మనిషికి టీవీ ఎందుకని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన సాయంత్రం వార్తల్లో కింద పోయే అక్షరాలు చదువుకునేవాడు, వాన మబ్బుల పటం చూసుకునేవాడు. ఊరంతా కేబుళ్లూ డిష్షులూ పెట్టించుకున్నా, గాలిలో ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఇనుప పైపుకు కట్టిన పాత యాంటెన్నా ఊళ్లో ఒక్కటే మిగిలింది, అది మాదే.

గాలికి యాంటెన్నా తిరిగిపోతే తెర నిండా చుక్కలే. అప్పుడు నాయన నిచ్చెనెక్కి, పైపును టీవీ టవరున్న దిక్కుకు తిప్పేవాడు. వేరే ఇళ్లలో అయితే కింది నుంచి వచ్చిందనో పోయిందనో అరిస్తే సరిపోతుంది. మా ఇంట్లో గొంతు చించుకున్నా లాభం లేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. మాది నాపబండలు పరిచిన మిద్దె, ఎత్తు తక్కువ. లోపల నుంచి రోకలితో పైబండను పొడిస్తే ఆ అదురు నాయన అరికాళ్లకు తెలుస్తుంది. రెండు పోట్లయితే ఇంకా తిప్పాలి. ఒకటైతే బొమ్మ వచ్చినట్టు, పైపు వదిలేసి దిగిరావచ్చు. ఏది పొడిచినా నాయన మడమతో బండను ఒక్క తన్ను తన్ని సరేననేవాడు. బండల సందుల్లోని మన్నంతా నా నెత్తిన రాలేది. నేను తిట్టుకునేదాన్ని.

తర్వాత మిద్దె పక్కనే కొత్త కరెంటు స్తంభం వేశారు. తీగలు చేతికందేంత దగ్గరగా పోయాయి. ఇక నాయన నిచ్చెన ఎక్కినప్పుడల్లా నా పై ప్రాణాలు పైనే పోయేవి. సైగలతో చెప్పి చూశాను. “నాకు పోయింది చెవులే, కండ్లు కాదు లేమ్మా,” అనేవాడు.

ఒకనాడు బొమ్మ పూర్తిగా పోయింది. మర్నాడూ రాలేదు. ఎంత తిప్పినా నా రోకలి రెండే పొడిచింది. ఎత్తు చాలడం లేదని నాయన తనంతట తానే తేల్చుకుని, ఇంకో పైపు ముక్క అతికించి యాంటెన్నాను లేపాడు. వద్దని అడ్డం నిలబడ్డాను. గిన్నెలు ఎత్తిపడేశాను. వింటేగా!

ఆ సాయంత్రం గాలి లేచింది. నాయన పైన ఉన్నాడు. నేను రోకలి పట్టుకుని చుక్కల తెర చూస్తున్నాను. ఉన్నట్టుండి టీవీ ఆరిపోయింది, ఫ్యాను నిలిచిపోయింది. ఆ వెంటే పైన ఏదో జారిన చప్పుడు. రెండు పోట్లు పొడిచాను. మడమ తన్ను రాలేదు.

పరుగున పోయి నిచ్చెనెక్కాను. నాయన బతికే ఉన్నాడు. నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. పైపు గాలికి వంగి, యాంటెన్నా కడ్డీలు రెండు తీగల మధ్య చిక్కుకున్నాయి. ఆ పైపును రెండు చేతులతో పట్టుకుని లాగుతున్నాడు. కరెంటు పోయింది కాబట్టి ప్రాణంతో లాగగలుగుతున్నాడు. పోయిన సంగతి ఆయనకు తెలియదు. గాలికి పోయిన కరెంటు మా ఊళ్లో తెల్లవారి రావచ్చు, ఇప్పుడే రావచ్చు.

అరిచాను. ఎవరికి వినబడాలని? పోయి పట్టుకుంటే, అప్పుడే కరెంటు వస్తే ఇద్దరమూ పోతాం. నాయన నా మాట ఎప్పుడూ వినలేదు గానీ రోకలి మాట తప్పలేదు. ఆయన్ను అట్లాగే వదిలి నిచ్చెన దిగడం ఎంత భయమో నేను చెప్పలేను. దిగుతున్నంతసేపూ మళ్లీ చూస్తానో లేదో అనుకున్నాను.

నల్లటి టీవీ ముందు నిలబడి, రోకలెత్తి ఒక్క పోటు పొడిచాను. పొరపాటున రెండోది తగలకుండా రోకలిని గుండెకు అదుముకున్నాను.

పైన ఏ చప్పుడూ లేదు. అప్పుడు మడమ తన్ను వినబడింది. నెత్తిన మన్ను రాలింది.

నాయన గడప దాటుతుండగా ఫ్యాను కదిలింది. అంతలోనే మిద్దె మీద ఏదో ఫెళ్లుమని పేలి, కిటికీ నీలంగా వెలిగి, మళ్లీ అంతా ఆరిపోయింది. నాయనకేమీ వినబడలేదు. నవ్వుతూ నా ముఖంలోకి చూశాడు.

“బొమ్మ వచ్చిందామ్మా?”

ఆయన రెండు చేతులూ పట్టుకుని కూలబడి ఏడ్చాను.

మర్నాడు లైన్‌మన్ వచ్చి మాడిపోయిన కడ్డీలు తీస్తూ మమ్మల్నిద్దరినీ చెడామడా తిట్టాడు. చివరికి జాలిపడి, “ఆ టవరు ఆపేసినారు తాతా. గాల్లో ఏమీ లేదింక. నువ్వు ఎంత ఎత్తు లేపినా రాదు,” అన్నాడు. ఆ మాట నాయనకు సైగలతో చెప్పింది నేనే. గాలిలో ఏమీ లేదని చెయ్యి తిప్పి చూపించేటప్పుడు ముందురోజు కంటే ఎక్కువ భయం వేసింది. లేని బొమ్మ కోసం పోయేవాడు కదా!

ఇప్పుడు మాకూ డిష్షు ఉంది. అప్పుడప్పుడు ఛానళ్ల నంబర్లు మారిపోతాయి, నిన్నటి వార్తలు ఈరోజు కనబడవు. నేను రిమోటు పట్టుకుని వెతుకుతుంటే నాయన చూపు మెల్లగా పైబండల వైపు పోతుంది. నేను వెంటనే ఒక్క వేలు చూపిస్తాను, వచ్చినా రాకపోయినా.